కమిషనరు గారిని దాటరాదు

మా పట్టణం పేరు చెప్పను. చెబితే పక్క పట్టణం వాళ్లు, ఇలాంటి ఘనకార్యం మా మున్సిపాలిటీ మాత్రం చేయలేదా, మేమేం తక్కువ తిన్నామా అని నొచ్చుకుంటారు.

గోదావరి కాలువ మా ఊరి నడుమ నుంచి పోతుంది. లాకుల దగ్గర్నుంచి రైలు వంతెన దాకా గట్టు మీద కంకర దారి ఉంది. తెల్లవారగట్ల ఓ పాతికమంది అక్కడ పరిగెత్తేవారు. పరిగెత్తమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఏ గొడవా లేకుండా పరిగెత్తేవారు.

వాళ్లలో దేవమణి ఒకావిడ. పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం, నలభై దాటిన వయసు. రెండేళ్ల కిందట డాక్టరు ఆవిడ రక్తపరీక్ష చూసి, "సుగరొచ్చింది, నడవండమ్మా" అన్నాడు. నడిచింది. నడిచి నడిచి విసుగు పుట్టి పరిగెత్తింది. సుగరు దిగింది. దాంతోపాటు ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ఇంట్లో "అమ్మా, నా సాక్సులేవి?" అనే పిల్లలకూ, ఆఫీసులో "మేడమ్, సంతకం ఎక్కడ?" అనే జనానికీ మధ్య ఎవరూ ఏమీ అడగని గంట ఒకటి ఆవిడకు దొరికింది. వచ్చే నెల విశాఖ సముద్రతీరంలో జరిగే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చింది. మంగళవారం వేగం, గురువారం నిదానం, ఆదివారం దూరం అని వారాన్ని పంచుకుని సాధన చేస్తోంది.

ఆవిడతో జతగా పరిగెత్తేది సత్తిరాజు. కొబ్బరికాయల వ్యాపారి, భారీ మనిషి. పరిగెత్తేటప్పుడు ఆయన నోరు కాళ్ల కంటే చురుగ్గా ఉండేది.

ఇలా ఉండగా ఆ ఏడు మా ఊరికి పైనుంచి ఆరోగ్యం మంజూరైంది. ప్రతి పట్టణమూ పరిగెత్తాలని, పరిగెత్తిన ఫొటోలు పంపాలని ఆదేశం. మున్సిపల్ కమిషనరు త్రివిక్రమరావు గారు మంచి మనిషి. మోకాలి నొప్పి ఉన్నా ఆదివారం టోపీ పెట్టుకుని గట్టు మీదికి వచ్చి, నలుగురితో కలిసి కాసేపు పరిగెత్తి, సోడా తాగి వెళ్లారు. తెల్లారి పేపర్లో ఫొటో పడింది. ఫొటో నిండా జడ ఎగురుతూ పరిగెత్తుతున్న దేవమణి ఉంది. ఓ మూల, ఆవిడ మోచేతి వెనకాల, సగం టోపీ, ఒక బూటు కనిపించాయి. కింద "పరుగులో పాల్గొన్న కమిషనరు" అని రాశారు.

సోమవారం మున్సిపల్ ఆఫీసులో ఆ ఫొటో మీద తప్ప వేరే దేని మీదా పని జరగలేదు.

పరుగుల ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు పేపరు పట్టుకుని కమిషనరు గదిలోకి వెళ్లారు. ఆయన అంతకుముందు వీధి కుక్కల నియంత్రణ చూసేవారు. అదీ పరుగుకు సంబంధించిన శాఖే కదా అని ఈ బాధ్యత కూడా ఇచ్చారు. స్వయంగా ఆయన బస్సు కోసం కూడా పరిగెత్తి ఎరగరు. బస్సే ఆగాలి.

"పోనీలెండి, ఆవిడ వేగంగా పరిగెత్తింది, ముందుంది. అంతేగా" అన్నారు కమిషనరు.

"తమరు పోనివ్వొచ్చు సార్. హోదా పోనివ్వదు. ఇవాళ పోస్టాఫీసు కౌంటరు తమర్ని దాటింది. రేపు మన శానిటరీ మేస్త్రి దాటతాడు. ఎల్లుండి దాటిన వాడికి, దాటబడిన వారు ఆర్డరు వేస్తే నడుస్తుందా సార్?"

కమిషనరు మంచినీటి పైపుల ఫైలుకూ మురుక్కాలువ ఫైలుకూ మధ్య పెట్టిన కాయితం మీద సంతకం చేశారు. అందులో ఇలా ఉంది: "సామూహిక పరుగునందు పాల్గొను వారెవ్వరును, పదవీరీత్యా తమకంటె ఉన్నతులైన వారిని దాటి పోరాదు. అట్లు పోయినచో సదరు పోకడ అవిధేయతగా పరిగణింపబడును."

మంగళవారం దేవమణికి వేగం రోజు. గట్టు మీదికి వచ్చేసరికి వైకుంఠరావు గారు మైకు పట్టుకుని అందర్నీ హోదాల వారీగా నిలబెడుతున్నారు.

"మీరు ఏ స్థాయి?" అని దేవమణిని అడిగారు.

"పోస్టాఫీసులో కౌంటరండి."

"అంటే కేంద్ర ప్రభుత్వం!" ఆయన మైకు దించేశారు. "కేంద్రంలో కౌంటరు, మున్సిపాలిటీలో దేనికి సమానమో స్పష్టత లేదు. పైకి రాసి తెప్పించాలి. వచ్చేవరకు చివర్న నిలబడండి."

"మరి నేనండి?" అన్నాడు సత్తిరాజు. "నాది సొంత యాపారం. నా పైన ఆఫీసరనేవోడు లేడండి."

"పైన లేకపోతే కిందా లేడు. మీరు ఆవిడ వెనక."

అసలు చిక్కు ముందు వరసలో వచ్చింది. భానుమూర్తి గారు రిటైరైన డిప్యూటీ తాసిల్దారు. ఆయనకూ, ఉద్యోగంలో ఉన్న అసిస్టెంటు ఇంజినీరుకూ ఎవరు ముందో తేలలేదు.

"రిటైరైన హోదా పరిగెత్తదండీ, కూర్చుంటుంది" అన్నాడు ఇంజినీరు.

"ఏమయ్యోయ్! నేను పదవిలో ఉండగా ఈ గట్టు మీద నా జీపు ముందు కాకి కూడా ఎగిరేది కాదు!" అన్నారు భానుమూర్తి గారు.

వైకుంఠరావు గారు ఇద్దరి వాదనలూ ఓపిగ్గా విన్నారు. జీపు దిగాక హోదా ఎంతకాలం నిలుస్తుందన్న దాని మీద పెద్ద చర్చ జరిగింది. అది తేలేలోగా ఎండ ముఖాన కొట్టింది. అందరూ డ్యూటీలకు వెళ్లిపోయారు. ఆ రోజు వేగం సాధనలో ఎవరూ కదల్లేదు. క్రమశిక్షణ మాత్రం బాగా కుదిరిందని వైకుంఠరావు గారు పైకి రాశారు.

బుధవారం కమిషనరు గారు స్వయంగా వచ్చి ముందు నడిచారు. మోకాలి వల్ల నడవడమే. మధ్యమధ్య ఫోను మోగేది. ఆయన ఆగేవారు. ఆయన ఆగితే ఇంజినీరు, ఇంజినీరు ఆగితే భానుమూర్తి గారు, అలా వరస మొత్తం గూడ్సుబండిలా గతుక్కుమని ఆగేది. చివర్న దేవమణి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఎప్పుడు దించాలా అని చూస్తుండేది.

"సవం ఎనకాల కూడా ఇంతకన్నా గట్టిగా నడుత్తామండి" అన్నాడు సత్తిరాజు.

"ఊరుకోండి సత్తిరాజు గారూ, ఆయన బతికే ఉన్నారు" అంది దేవమణి. ఇంటికెళ్లేసరికి పరిగెత్తినప్పుడు ఎన్నడూ రాని పిక్కల నొప్పి వచ్చింది.

ఆ రాత్రి వాన పడి గట్టు బురదైంది. గురువారం అందర్నీ హైస్కూలు మైదానానికి మార్చారు. మైదానంలో పరుగుబాట గుండ్రంగా ఉంది. ఈ సంగతి ముందుగా ఎవరూ పరుగుల విభాగం దృష్టికి తీసుకురాలేదు.

కమిషనరు గారు ముందు నిలబడ్డారు. వరస ఆయన వెనకాల చుట్టూ తిరిగి సాగింది. చివర్న సత్తిరాజు, అతని ముందు దేవమణి నిలబడేసరికి, ఇద్దరూ సరిగ్గా కమిషనరు గారి ముక్కుకెదురుగా వచ్చారు.

వైకుంఠరావు గారు పరుగున వచ్చారనబోయాను గానీ, వేగంగా నడిచి వచ్చారు. "ఏమ్మా! మళ్లీ సార్ ముందు నిలబడ్డారా?"

"లేదండి. అందరికన్నా వెనకున్నాను."

"వెనకుంటే ముందెలా ఉన్నారు?"

"నేల గుండ్రంగా ఉందండి."

ఆయన మైదానాన్ని ఒకసారి చుట్టూ చూశారు. "దీన్ని గుండ్రంగా ఉంచడానికి అనుమతి ఇచ్చిందెవరు?" అని హెడ్మాస్టర్ని అడిగారు. హెడ్మాస్టరు తాను వచ్చేనాటికే అది గుండ్రంగా ఉందనీ, తన హయాములో ఎలాంటి మార్పూ చేయలేదనీ చేతులు కట్టుకుని మనవి చేసుకున్నారు.

చివరికి బాటకు అడ్డంగా తాడు కట్టారు. తాడు నుంచి తాడు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలని నిర్ణయించారు. వెంటనే ఇంకో ప్రమాదం బయటపడింది. వెనక్కి తిరిగితే చివర ఉన్నవాళ్లు ముందువాళ్లవుతారు. అందువల్ల ఎవరూ తిరగకుండా, ముఖాలు ముందుకే పెట్టి, వెనకడుగులు వేస్తూ రావాలన్నారు. అలా వస్తూ భానుమూర్తి గారు ఇంజినీరు మీద పడ్డారు. కావాలనే పడ్డారని ఇంజినీరు ఫిర్యాదు రాసిచ్చాడు.

శుక్రవారం దేవమణికి ఓపిక నశించింది. ఇంకా చీకటి విడకముందే ఒక్కతే గట్టు మీదికి వెళ్లి పరుగు మొదలెట్టింది. చాకిరేవు దాటేసరికి వైకుంఠరావు గారు స్కూటరు అడ్డం పెట్టారు.

"కమిషనరు గారింకా నిద్ర లేవలేదు. ఆయన బయల్దేరకముందే మీరు బయల్దేరితే ముందు పరిగెత్తినట్టే కదమ్మా?"

"ఇది సామూహిక పరుగు కాదండి. నేనొక్కదాన్నే."

"ఊరు మొత్తం ఒక సమూహం. అందులో కొందరు పరిగెత్తుతారు, కొందరు నిద్రపోతారు. నిద్రపోయినంత మాత్రాన హోదా తగ్గుతుందా?"

దేవమణి నెమ్మదస్తురాలు. కౌంటరులో రోజూ నానా మాటలూ పడి అలవాటైన మనిషి. అయినా ఆ రోజు ఊరుకోలేదు. "నేను సోకుకి పరిగెత్తట్లేదండీ. ఒంట్లో జబ్బుండి పరిగెత్తుతున్నాను. పోనీ నా గుండె ఆయన గుండె కంటే ముందు కొట్టుకోవచ్చా, అదీ ఆపమంటారా?"

వైకుంఠరావు గారు నిజాయితీగా ఆలోచించారు. "గుండె ప్రస్తావన ఉత్తర్వులో లేదు" అన్నారు.

శనివారం ఆవిడ ఇంట్లోంచి కదల్లేదు. పొద్దున వేలు గుచ్చి మిషను మీద చూసుకుంటే సుగరు ఎక్కింది. విశాఖ వద్దు, ఏమీ వద్దు, మానేద్దామనుకుంది. సాయంత్రం సత్తిరాజు రెండు బొండాలు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"రేపొక్క రోజు ఓర్చుకోండమ్మా. రేపు మహా పరుగు ఫొటోలైపోతే ఆళ్ల సరదా తీరిపోద్ది. ఆ మీదట గట్టు మళ్లీ మనదే. మీరు రాకపోతే నాకు ముందెవరుంటారండి? ఎవరెనకాల పరిగెత్తను?" అన్నాడు. ఆ మాటకే వెళ్లింది.

ఆదివారం మహా పరుగు. లాకుల దగ్గర షామియానా, బ్యాండుమేళం. ఎగువన వానలు పడి కాలువ నిండుగా, ఎర్రగా, సుళ్లు తిరుగుతూ పారుతోంది. కమిషనరు గారు ముందు, ఆయన వెనక మర్యాదకు సరిపడా ఖాళీ, ఆ వెనక ఇంజినీరు, భానుమూర్తి గారు, తక్కిన ఊరు. ఫొటోగ్రాఫరు ఒక్కడే అందరికంటే ముందున్నాడు. కానీ వెనక్కి నడుస్తున్నాడు గనక అతను వెనక ఉన్నట్టే లెక్క అని వైకుంఠరావు గారు మినహాయింపు ఇచ్చారు.

"సార్, చెయ్యూపండి. కొంచెం ఎడమకి సార్. ఇంకొంచెం" అన్నాడు ఫొటోగ్రాఫరు.

కమిషనరు గారు ఇంకొంచెం ఎడమకు జరిగారు. అక్కడ గట్టు లేదు.

దబ్బున శబ్దమైంది. టోపీ తేలింది. తర్వాత ఆయన తల తేలింది. ప్రవాహం ఆయన్ని రైలు వంతెన వైపు తోసుకుపోసాగింది. ఫొటోగ్రాఫరు కెమెరా కింద పెట్టి కెవ్వుమన్నాడు. అతనికి ఈత రాదు. జనం పరిగెత్తారు. కానీ చూడముచ్చటగా పరిగెత్తారు. కాలువలో కమిషనరు గారు ఎంత వేగంతో కొట్టుకుపోతున్నారో గట్టు మీద వాళ్లూ అంతే వేగంతో, మధ్యలో మర్యాద తగ్గకుండా, ఆయన వెనకాలే వెళ్లారు.

"ఈతొచ్చినోళ్లెవరైనా దూకండయ్యా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నాకొచ్చు" అన్నాడు ఇంజినీరు ఆయాసపడుతూ. "కానీ దూకాక ప్రవాహం నన్ను సార్ కంటే ముందుకు తోసేస్తే బాధ్యత ఎవరిది?"

"అదీగాక మన పరిధి గట్టు వరకే. నీళ్లు వేరే శాఖవి" అని గుర్తుచేశారు భానుమూర్తి గారు. ఆ వారంలో వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది అప్పుడే.

నీళ్లలోంచి కమిషనరు గారు చెయ్యెత్తారు. "ఎవరైనా... ముందుకి రండయ్యా! ముందుకొచ్చి పట్టుకోండి!"

"సార్!" వైకుంఠరావు గారు గట్టు మీద నుంచి వినయంగా కేకేశారు. "తమరు నోటిమాటగా సెలవిస్తున్నారు. దాటరాదన్న ఉత్తర్వు తమరి సంతకంతో ఉంది సార్! రాతపూర్వకంగా..."

తక్కిన మాట కమిషనరు గారు వినలేదు. మునిగారు.

వరస చివర్న ఉన్న దేవమణికి ముందేమైందో మొదట తెలియలేదు. జనం సందులోంచి ఎర్రనీళ్లలో ఒక చెయ్యి కనిపించింది. అంతే. ఆవిడ గట్టు పక్క గడ్డిలోకి దిగి పరిగెత్తింది. వారమంతా కాళ్లలో బిగబట్టుకున్న పరుగంతా ఒక్కసారి బయటికొచ్చింది. బిల్లు కలెక్టర్లను దాటింది. గుమాస్తాలను దాటింది. మేనేజర్ని, భానుమూర్తి గారిని, ఇంజినీరును దాటింది. "ఏమ్మా! ఏమ్మా! స్పష్టత రాలేదింకా!" అంటున్న వైకుంఠరావు గారిని దాటింది. కాలువలో కమిషనరు గార్ని దాటింది. ఆయన్ని దాటకుండా పట్టుకోవడం ఎలాగో ఆవిడకు తోచలేదు.

చాకిరేవు మెట్ల దగ్గర ఎవరిదో నాటుపడవ కట్టేసి ఉంది. అందులోంచి వెదురు గెడ లాగి, మోకాలి లోతు మెట్టు దాకా దిగి అడ్డంగా చాపింది.

"గెడ పట్టుకోండి సార్! గెడ!"

ఒక చెయ్యి తగిలి జారింది. రెండోదానికి పట్టు దొరికింది. ఆయన బరువుకు గెడ ఆవిణ్ణి కూడా లోపలికి లాగేసింది. నడుం లోతు దిగింది. పాచిమెట్టు మీద పాదం జారుతుంటే, ఇక అయిపోయిందనుకుంది. అప్పుడు వెనక నుంచి రెండు బలమైన చేతులు ఆవిడ భుజాలు పట్టుకున్నాయి. సత్తిరాజు రొప్పుతూ మెట్టు మీద చతికిలబడ్డాడు. ఆ భారాన్ని కాలువ కదిలించలేకపోయింది.

కమిషనరు గారు మెట్ల మీద బోర్లాపడి నీళ్లు కక్కుకున్నారు. తక్కిన ఊరు కొంచెం ఎడంగా, హోదాల వారీగా ఆగింది.

కమిషనరు గారు జ్వరమొచ్చి సెలవు పెట్టారు. ఇన్‌చార్జిగా వైకుంఠరావు గారు కూర్చుని విచారణ జరిపించారు. మూడు విషయాలు తేలాయి. సదరు దేవమణి కమిషనరు గారిని దాటిన మాట వాస్తవం. దాటినందువల్ల వారి ప్రాణం దక్కిన మాట కూడా వాస్తవం. అయితే రెండో వాస్తవం మొదటిదానికి సంజాయిషీ కాజాలదు. కనుక ఆవిడ ధైర్యానికి శాలువా, అవిధేయతకు హెచ్చరిక, రెండూ ఒకే సభలో ఇవ్వాలని తీర్మానించారు. దేవమణి సభకు వెళ్లలేదు. శాలువా, హెచ్చరిక రిజిస్టరు పోస్టులో వచ్చాయి. తన కౌంటర్లోనే తనే అందుకుని సంతకం పెట్టింది.

తర్వాత ఓ మధ్యాహ్నం కమిషనరు గారు పోస్టాఫీసుకు వచ్చారు. మఫ్లరు చుట్టుకుని వరసలో నిలబడ్డారు. జనం గుర్తుపట్టి "ముందుకెళ్లండి సార్" అని తోవ ఇచ్చారు.

"వద్దు బాబూ. ఇక్కడే బాగుంది" అన్నారాయన. వంతు వచ్చాక కౌంటరు కమ్మీల మధ్య నుంచి చేతులు జోడించారు. "ఆ రోజు నీళ్లలోంచి, మీ కాళ్లు గట్టు మీద నన్ను దాటడం చూశానమ్మా. జన్మలో అంత హాయైన దృశ్యం చూడలేదు."

దేవమణికి కళ్లు చెమర్చాయి. "మరైతే ఆ ఉత్తర్వు తీసేయించండి సార్."

"సెలవులో ఉన్నాను. సెలవులో ఉన్నవాడికి అధికారం ఉండదమ్మా."

"డ్యూటీలో చేరాక?"

ఆయన అబద్ధం చెప్పలేకపోయారు. "చేరాక ధైర్యం ఉండదు" అని, ఒక పోస్టుకార్డు కొనుక్కుని వెళ్లిపోయారు.

ఈలోగా ఇన్‌చార్జి గారు సమస్యను మూలమట్టంగా పరిష్కరించారు. ఎవరో ఒకరు ముందుంటే హోదాకు భంగం. ఎవరూ ముందు లేకపోతే ప్రాణానికి భంగం. ముందూ వెనకా అనేవి పరుగు వల్లనే పుడుతున్నాయి. కాబట్టి ఓ సోమవారం తెల్లారేసరికి లాకుల దగ్గర కొత్త బోర్డు లేచింది: "ఈ గట్టుపై పరుగు నిషేధము. నడువవచ్చును." దాని పక్కన ఈల మెడలో వేసుకుని వైకుంఠరావు గారు స్వయంగా నిలబడ్డారు.

దేవమణి వచ్చింది. బోర్డు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. తర్వాత వంగి బూటు తాడు బిగించుకుంది.

"చదివారు కదమ్మా?"

"చదివానండి."

"మరి?"

"పరిగెత్తితే ఏం చేస్తారండి?"

"పట్టుకుంటాను."

"ఎలాగండి?" అంది దేవమణి. వెటకారం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

వైకుంఠరావు గారు జవాబు కోసం బోర్డు వైపు చూశారు. ఆయన తల తిప్పేలోగా ఆవిడ వెళ్లిపోయింది. ఈల ఊదారు. రెండంగలు గబగబా వేశారు. మూడో అంగలో అది నడకో పరుగో తనకే అనుమానం వచ్చి ఆగి, చొక్కా సర్దుకుని, పద్ధతిగా నడవడం మొదలెట్టారు. వెనక నుంచి సత్తిరాజు వచ్చాడు.

"కాస్త పక్కకి తప్పుకోండి ఇన్‌చార్జి గారూ, దాటుతున్నాను" అని చెప్పి మరీ దాటాడు. ఆ వెనక భానుమూర్తి గారు, ఆయన వెనకాలే ఇంజినీరు.

వైకుంఠరావు గారు వాళ్లను పట్టుకోవడానికి రైలు వంతెన వైపు నడిచారు. సగం దూరం వెళ్లేసరికి వాళ్లంతా వంతెన దాకా వెళ్లి తిరిగొస్తూ ఎదురుపడ్డారు. అందరూ ఆయనకు నమస్కారం పెట్టి, కాఫీలకు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయన నడుస్తూనే ఉన్నారు.